వీడియో ఆగినా మాట తెగకూడదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను 1981లో నెల్లూరులో, వేరే ఊళ్ళకు కాల్స్ కలిపే ట్రంకు ఎక్స్ఛేంజిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. 38 ఏళ్ళు ఫోన్ల మధ్యే గడిపి 2019లో రిటైరయ్యాను. ఇప్పుడు మా ఆయనా నేనూ ఉదయగిరిలో ఉంటున్నాం. పోయిన నెల మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి, దాని మీద టెలికాం కంపెనీల వాళ్ళను ఒక మాట అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఆయనకు షుగరు. కుడికాలి బొటనవేలి పక్కన పుండు పడితే నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. డాక్టరు గారు మంచి మనిషి. "ఇంత దూరం ఊరికే రావద్దమ్మా, పది రోజులకోసారి వీడియోలో కాలు చూపిస్తే చాలు. అవసరమైతే నేనే రమ్మంటాను" అన్నారు. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. కట్టు కట్టిన కాలు కిందికి వేలాడేసుకుని ఆ మనిషి బస్సులో కూర్చోవడం చూసినదాన్ని కాబట్టి డాక్టరు గారి మాటకు ప్రాణం లేచి వచ్చింది.

వీడియోకు ఆసుపత్రి యాప్ ఉండాలన్నారు. నా ఫోనులో చోటు లేదు. మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు కొన్ని తీసేస్తే గానీ యాప్ దిగలేదు. దిగాక ఓటీపీ అడిగింది. అది పుణెలో ఉన్న మా అబ్బాయి ఫోనుకు పోయింది. ఆసుపత్రిలో మొదటిసారి కార్డు రాయించినప్పుడు వాడి నంబరే ఇచ్చాం మరి. వాడు ఆఫీసు మీటింగులో ఉన్నాడు. ఈ టెన్షన్‌లో 11 గంటల స్లాటుకు ఆరు నిమిషాలు ఆలస్యంగా డాక్టరు గారి ముఖం కనిపించింది. నేను గబగబా కట్టు విప్పి ఫోను కాలి దగ్గర పెట్టాను. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. కాసేపటికి మాట కూడా పోయింది. "హలో, డాక్టరు గారూ, హలో" అంటూ నేనూ, కాలు ఎత్తిపట్టుకుని మా ఆయనా అలాగే ఉండిపోయాం.

ఆ గొడవలోనే కావలి నుంచి మా ఆడపడుచు మామూలు కాల్ చేసింది. ఆమె మాట పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా వినిపించింది. అదే ఫోను, అదే సిమ్ము, అదే టవరు, అదే నిమిషం.

సాయంత్రం ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. పేషెంటు అందుబాటులోకి రాలేదు, మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకోండి అని. మరునాడు తెల్లవారకముందే బస్సెక్కాం. డాక్టరు గారు కాలు చూసింది రెండు నిమిషాలు. "బాగానే మానుతోంది, ఇదే మందు వాడండి" అన్నారు. ఆ ఒక్క మాట కోసం రానూ పోనూ రోజంతా అయింది.

ఆడపడుచు కాల్ అంత బాగా వచ్చి డాక్టరు గారి వీడియో ఎందుకు చచ్చిపోయిందో నాకు తెలుసు. ఫోర్‌జీలో మనం నంబరు నొక్కి చేసే మామూలు కాల్‌కు, అంటే వోల్టీ కాల్‌కు, నెట్‌వర్కు ఒక ప్రత్యేకమైన దారి కేటాయిస్తుంది. టవరు దగ్గర ఎంత రద్దీ ఉన్నా ఆ మాటను ముందు పంపిస్తుంది. యాప్‌లో వెళ్ళే మాట మాత్రం పాటలు, సినిమాలు, రీల్స్‌తో కలిసి మామూలు డేటా వరసలో నిలబడాలి. మా గదిలో సిగ్నలు ఒక గీతే వస్తుంది. వరస కాస్త పెరిగితే చాలు, మాట తెగిపోతుంది. కంపెనీ దగ్గర దారులు రెండూ ఉన్నాయి. ఒకటి మూసుకుపోయినప్పుడు రెండోదాని మీదికి మార్చే ఏర్పాటే లేదు.

మా రోజుల్లో ఆ మార్చే పని మేము చేసేవాళ్ళం. ట్రంకు బోర్డు ముందు కూర్చుంటే ఎదురుగా వరసగా జాకులు, చేతిలో ప్లగ్గుల తాళ్ళు, తలకు హెడ్‌సెట్టు. జనం 180కి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకునేవాళ్ళు. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగ్ అని రకాలుండేవి. పీపీ కాల్ అని ఇంకొకటి ఉండేది. ఫలానా మనిషితోనే మాట్లాడాలంటే ఆ మనిషి ఫోను దగ్గరికి వచ్చేదాకా మేము చూసి, వచ్చాక "మాట్లాడండి" అని కలిపేవాళ్ళం. లైనులో గరగర ఎక్కువైతే ఆ ప్లగ్గు తీసి ఇంకో లైనులో పెట్టేవాళ్ళం. బుక్ చేసుకున్నవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే అవసరం రానిచ్చేవాళ్ళం కాదు. నైట్ డ్యూటీలో చావు కబురు కాల్ ఒకటి కలపడానికి గంటన్నర మూడు ఊళ్ళ ఎక్స్ఛేంజీలను బతిమాలిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ బోర్డులు పోవడం మంచిదే, అవి మళ్ళీ రావాలని నేను అనను. కాల్ తెగకుండా చూసే బాధ్యత కూడా బోర్డులతో పాటే పోవడం నాకు కష్టంగా ఉంది. ఆ బాధ్యతను కంపెనీలు తిరిగి తీసుకోవడానికి ఇప్పుడు మంచి సాధనమే ఉంది. దాని పేరు వెబ్‌ఆర్‌టీసీ. యాప్ ఏదీ దించుకోకుండా, క్రోమ్ లాంటి బ్రౌజరులో ఒక పేజీ తెరిచి అందులోంచే మాట, వీడియో పంపుకునే పద్ధతి అది. రిటైరయ్యాక మా అబ్బాయి సాయంతో దీని గురించి చదువుకున్నాను. గూగుల్ సంస్థ 2011లో దీన్ని అందరూ వాడుకునేలా ఉచితంగా విడుదల చేసింది. 2013 ఫిబ్రవరిలో క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కు, అంటే వేర్వేరు సంస్థల బ్రౌజర్ల మధ్య, మొదటిసారి కాల్ కలిపి చూపించారు. 2017లో యాపిల్ వాళ్ళ సఫారీలోకి కూడా వచ్చింది. 2021 జనవరిలో పూర్తి సాంకేతిక ప్రమాణంగా ఆమోదం పొందింది. గూగుల్ మీట్ నడిచేది దీని మీదే. కరోనా కాలంలో పిల్లలు బ్రౌజరులో విన్న పాఠాల వెనక కూడా చాలావరకు ఇదే ఉంది.

ఎక్స్ఛేంజి మనిషిగా నన్ను బాగా ఆకట్టుకున్నవి ఇందులో రెండున్నాయి.

ఒకటి మాటను మోసే తీరు. మా డిజిటల్ ఎక్స్ఛేంజీల్లో ఒక్క మాటకు సెకనుకు 64 కిలోబిట్లు కేటాయించేవాళ్ళం. మాట ఉన్నా మౌనం ఉన్నా అంతే. బ్రౌజరు కాల్‌లో వాడే ఓపస్ అనే పద్ధతి 6 కిలోబిట్ల నుంచి 510 దాకా, లైను ఎంత ఇస్తే అంతకు సర్దుకుంటుంది. మధ్యలో కొన్ని మాట ముక్కలు పోయినా చెవికి తెలియకుండా అతుకు వేస్తుంది. ఓపస్‌తో పాటు మా పాత 64 కిలోబిట్ల పద్ధతి కూడా, దాని పేరు జీ.711, ప్రతి బ్రౌజరుకూ తెలిసి ఉండాలని ప్రమాణంలోనే రాశారు. అది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అంటే బ్రౌజరుకు ఎక్స్ఛేంజి భాష ముందే వచ్చు. ఆ మాటనూ ఈ మాటనూ కలపడం అసాధ్యమేమీ కాదు.

రెండోది, ఆ ప్రమాణం రాసినవాళ్ళు కావాలనే వదిలేసిన ఒక ఖాళీ. మాట ఎలా వెళ్ళాలి, మధ్యలో ఎవరూ వినకుండా దానికి తాళం ఎలా వేయాలి, దారి ఎలా వెతుక్కోవాలి, అన్నీ రాశారు. ఎవరు ఎవరిని ఎలా పిలవాలి, రింగు ఎవరివ్వాలి, పిలిచినవాళ్ళు నిజంగా వాళ్ళేనని ఎవరు పూచీ పడాలి అన్నది మాత్రం నడిపేవాళ్ళకే వదిలేశారు. రింగివ్వడం, కలపడం, పిలిచిందెవరో చెప్పడం నూరేళ్ళుగా టెలిఫోన్ కంపెనీలు చేస్తున్న పనే కదా. ఆ ఖాళీలోకి యాప్‌లవాళ్ళు వచ్చి కూర్చున్నారు, మనిషికి ఇరవై యాప్‌లయ్యాయి. నంబరు ఇచ్చిన కంపెనీలు మాత్రం డేటా అమ్ముకుని పక్కకు తప్పుకున్నాయి.

నేను అడిగేది ఇది. ఆసుపత్రి వాళ్ళు మా నంబరుకు ఒక లింకు పంపాలి. అది మా సిమ్ము కంపెనీ నడిపే లింకై ఉండాలి. దాన్ని తాకితే బ్రౌజరు తెరుచుకుని, కెమెరా, మైకు వాడుకోవచ్చా అని ఒక్కసారి అడిగి, డాక్టరు గారిని చూపించాలి. ఇక్కడిదాకా చిన్న చిన్న సంస్థలు కూడా చేస్తున్నాయి. ఆ తర్వాతిది టెలికాం కంపెనీ తప్ప ఇంకెవరూ సరిగ్గా చేయలేరు. కాల్ నడుస్తుండగా ఎన్ని ముక్కలు పోతున్నాయో, ఎంత ఆలస్యమవుతోందో బ్రౌజరు ఎప్పటికప్పుడు లెక్క చెబుతుంది. ఆ లెక్క చెడగానే కంపెనీ వీడియోను పక్కన పెట్టి, అదే నంబరుకు మామూలు కాల్ కొట్టి, ఆ మాటను డాక్టరు గారి పేజీలో ఉన్న మాటతో కలిపేయాలి. అటు ఆయన బ్రౌజరులోనే ఉంటారు, ఇటు నేను మామూలు ఫోనులో ఉంటాను. సిగ్నలు కోలుకుంటే బొమ్మ మళ్ళీ వస్తుంది. రాకపోతే నేను కాలు ఫొటో తీసి అదే పేజీలో పెడతాను. ఆ రోజు మాకు ఈ ఏర్పాటు ఉండి ఉంటే "వాపు తగ్గిందా? చీము ఉందా? వేలు నల్లబడిందా?" అని ఆయన అడిగేవారు, నేను చెప్పేదాన్ని. బస్సు తప్పేది.

ఇది సాధ్యమేనా అని ఎవరైనా అంటే, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ బ్రౌజరు నుంచి టెలికాం నెట్‌వర్కులోకి ఎలా రావాలో తన పన్నెండో విడుదలలోనే రాసిపెట్టింది. పదహారో విడుదలలో ఇంకో మెట్టు ఎక్కి, మామూలు కాల్ నడుస్తుండగానే బొమ్మలు, ఫారాలు పంపుకునే దారి కూడా చేర్చింది. దానికీ ఈ వెబ్‌ఆర్‌టీసీ పద్ధతినే తీసుకుంది. మన దేశంలో 2018లో టెలికాం శాఖ ఇంటర్నెట్ టెలిఫోనీకి, అంటే ఇంటర్నెట్ మీదుగా ఫోన్ కాల్స్‌కు, లైసెన్సుల్లో వీలు స్పష్టం చేసింది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో వైఫై కాలింగు తెచ్చాయి. ఇంట్లో వైఫై మీద మొదలైన మాట గేటు దాటగానే తెగకుండా టవరు మీదికి మారుతోంది. అక్కడ చేయగలిగినవాళ్ళు బ్రౌజరుకూ టవరుకూ మధ్య ఎందుకు చేయలేరు?

డబ్బు సంగతి. స్పెయిన్‌కు చెందిన టెలిఫోనికా అనే పెద్ద కంపెనీ 2012లోనే టోక్‌బాక్స్ అనే బ్రౌజరు కాల్స్ సంస్థను కొని, 2018లో అమ్మేసింది. ఇలాంటివి చూసి మనవాళ్ళు భయపడుతున్నారేమో. అయినా డబ్బు వచ్చే దారి మనకు కొత్తదేమీ కాదు. 1800 నంబరుకు డబ్బు ఎవరు కడతారు? ఫోన్ చేసినవాళ్ళు కాదు, చేయించుకునేవాళ్ళు. ఈ లింకుకూ ఆసుపత్రో బ్యాంకో కడుతుంది. డేటా మాత్రం మాది మేమే పెట్టుకుంటాం. ఫలానా సైటుకు డేటా ఉచితం అనే పద్ధతిని 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆపేసింది, అది మంచి నిర్ణయం, దాన్ని మార్చమని నేను అడగను. మాట మాటదారిలో వెళ్తే చాలు. ఇప్పుడు ప్యాకుల్లో మామూలు కాల్స్‌కు విడిగా లెక్కే లేదు.

మా వీధి చివర మేకలు కాసుకునే ఒకామె ఉంది. ఆమెది కీప్యాడు ఫోను. కొడుకు బెంగళూరులో బిల్డింగు పనుల్లో ఉన్నాడు. వారానికి రెండుసార్లు మా ఇంటికొచ్చి, "అమ్మా, మా అబ్బయ్య మొగం ఒకసారి చూపిస్తావా" అని అడుగుతుంది. నా ఫోనే ఇప్పుడు ఆమెకు పీపీ నంబరు. ఒకప్పుడు ఊరికి ఒక ఫోనున్న ఇంటికి జనం ఎలా వచ్చేవాళ్ళో, ఆమె అలాగే వస్తుంది. వచ్చి గడప బయటే కూర్చుంటుంది. లోపలికి రమ్మంటే మొహమాటపడుతుంది. ఆ మధ్య ఆమెకు గర్భసంచి ఆపరేషను అవసరమన్నారు. డాక్టరు చెప్పింది ఆమెకు అర్థం కాలేదు. కొడుకు పని మానుకుని రావాల్సి వచ్చింది, నాలుగు రోజుల కూలి పోయింది. నేను చెప్పే పద్ధతిలో అయితే కొడుకు బెంగళూరులో లింకు తాకుతాడు, డాక్టరు తన కంప్యూటరులో ఉంటారు, ఈమె కీప్యాడు ఫోను మామూలుగా రింగవుతుంది. ముగ్గురూ ఒకే కాల్‌లో మాట్లాడుకుంటారు. యాప్‌ల మధ్య ఇది కుదరదు, ఎందుకంటే ఆమె ఫోనులో యాప్ ఉండదు. నంబరు ఉంటుంది. డేటా లేకుండా మాట, మెసేజ్‌లకు మాత్రమే ప్యాకులు పెట్టమని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలకు చెప్పిందంటే ఇలాంటి మనుషుల కోసమే. వాళ్ళను వదిలేసి వీడియో సేవలు అనడం న్యాయం కాదు.

లింకులంటేనే జనానికి భయం, ఆ భయం నిజమైనదే. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కనిపించి, డిజిటల్ అరెస్టు అని ముసలివాళ్ళ డబ్బు ఊడ్చేస్తున్నారు. సాక్షాత్తూ ప్రధాని 2024 అక్టోబరులో రేడియోలో దీని గురించి హెచ్చరించారు. అందుకే ఈ పని ఊరూ పేరూ లేని సైట్లు కాకుండా లైసెన్సున్న కంపెనీలు చేయాలని నేను పట్టుబట్టేది. ముందుగా నమోదు చేయని లింకులున్న మెసేజ్‌లను ఆపేయాలన్న ట్రాయ్ ఆదేశం 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అవతల ఉన్నది ఫలానా ఆసుపత్రే అని పేజీ పైన కంపెనీ రాసి పూచీ పడాలి. ఆ పేజీ డబ్బు అడగకూడదు, ఓటీపీ అడగకూడదు, ఏదీ దించుకోమనకూడదు. ఇంకో మేలు కూడా ఉంది. యాప్ అయితే పని అయ్యాక కూడా ఫోనులో ఉండి ఏం చూస్తుందో తెలియదు. పేజీ మూసేస్తే కెమెరా, మైకు కూడా ఆగిపోతాయి. రికార్డు చేసేటట్లయితే ముందు అడిగి తీరాలి. లైనులో చెవిన పడ్డ మాట ఎక్స్ఛేంజి గడప దాటకూడదని మాకు చేరిన మొదటి రోజే చెప్పారు, రిటైరయ్యేదాకా దాటనివ్వలేదు. ఆ కట్టుబాటు ఇప్పుడు యంత్రాలకూ ఉండాలి.

వైద్యం ఒక్కటే కాదు. మా ఉదయగిరిలో నర్ది, బిక్కి లాంటి కర్రలతో గరిటెలు, చెంచాలు చెక్కే ఆడవాళ్ళున్నారు. ఆ చెక్క వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హైదరాబాదులో ఉన్న కొనేవాళ్ళు సరుకు చూడాలంటే ఇప్పుడు ఫొటోలు, ఆ తర్వాత నంబరు, ఆ తర్వాత యాప్. ఆ నంబరు తెలియని వాళ్ళందరికీ తెలిసిపోయి వేళాపాళా లేని కాల్స్ మొదలవుతాయి. సరుకున్న పేజీలోనే ఒక బటను ఉండి, నొక్కితే చెక్కే మనిషి ఫోను రింగవ్వాలి, నంబరు మాత్రం బయటపడకూడదు. టెలికాం కంపెనీకి ఇది చిన్న పని. నెలకు ఇంత అని అద్దె తీసుకున్నా ఇస్తారు.

దూరం నుంచి వైద్యం మన రాష్ట్రానికి కొత్త కాదు. వీడియోలో డాక్టర్లను కలిపే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిని 2019 నవంబరులో దేశంలో మొట్టమొదట మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. ఆ వేదికకు తెగని మాట తోడైతే ఎంత బాగుంటుందో ఆలోచించండి. మొబైల్ నెట్‌వర్కులో వేల ఫోన్లు ఒకే బయటి ఇంటర్నెట్ చిరునామా పంచుకుంటాయి కాబట్టి బ్రౌజరు కాల్ నేరుగా కలవక, మధ్యలో ఒక సర్వరు మీదుగా తిరిగి రావడం మామూలే. ఆ సర్వరు ఎక్కడో సింగపూరులో ఉంటే ఒక లెక్క, విజయవాడలోనో నెల్లూరులోనో కంపెనీ సొంత గదిలో ఉంటే ఇంకో లెక్క. ఆ గదులు కంపెనీలకు ఊరూరా ఉన్నాయి, నేను వాటిలోనే పనిచేశాను.

మా ఆయనకు వచ్చే నెల 12న మళ్ళీ కాలు చూపించాలి. ఈ రాసినదాన్ని ఏ కంపెనీ అయినా ప్రయత్నించి చూస్తామంటే మేము సిద్ధంగా ఉన్నాం. డాక్టరు గారితో నేను మాట్లాడతాను. మా మధ్యగదిలో మంచం దగ్గర ఒక గీతే సిగ్నలు ఉంటుంది, సాయంత్రం ఆరు దాటితే అదీ వస్తూ పోతూ ఉంటుంది. పరీక్ష అక్కడే, ఆ వేళకే చేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఆపరేటర్,
ఉదయగిరి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా